పిల్ల బాల్ పైతాన్ ఎర ముట్టడం లేదు; మరొక పామును కొనేటప్పుడు ఏమేమి చూడాలి?

ప్రశ్న – కావలి సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. వేసవి మొదట్లో మా తమ్ముడు చెన్నైలోని ఒక పెంపకందారు వద్ద నుంచి పిల్ల బాల్ పైతాన్‌ను, అంటే ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ పిల్లను, తెచ్చాడు. ఇంటికి వచ్చిన రోజున దాని బరువు 68 గ్రాములు, నిన్న తూచితే 61 గ్రాములు. ఇంతకాలంలో అది ఒక్కసారి కూడా ఏమీ తినలేదు. పెంపకందారు ఇచ్చిన పింకీలనే, అంటే ఇంకా వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్లలనే, గడ్డకట్టించినవి కరిగించి పెడుతున్నాము. పాము ఒకసారి నాలుక ఆడించి తల తిప్పుకొని వెళ్ళిపోతున్నది.

దానిని హాలులో పెద్ద గాజు తొట్టిలో ఉంచాము. పైన వల మూత, అడుగున ఎప్పుడూ ఆన్‌లో ఉండే హీట్ మ్యాట్ (కరెంటుతో వేడినిచ్చే పరుపు), ఒక నీళ్ళ గిన్నె, ఒక ప్లాస్టిక్ మొక్క ఉన్నాయి. పిల్లలకు భయం పోవాలని రోజూ సాయంత్రం కాసేపు చేతిలోకి తీసుకుంటున్నాము. ఈ మధ్య అది ఎక్కువ సమయం నీళ్ళ గిన్నెలోనే చుట్టుకొని ఉంటున్నది. మా మేనత్తగారు పాలు పోసి చూడమంటున్నారు, పక్కింటివారు పొలం ఎలుక పిల్లలను తెప్పిస్తామంటున్నారు. నోరు తెరిచి తినిపించవచ్చునా అన్నది నా మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న: ఒంగోలులో ఉన్న మా బాబాయిగారి అబ్బాయి ఒక కార్న్ స్నేక్ (అమెరికా జాతి పాము) పిల్లను కొనాలనుకుంటున్నాడు. మాకు ఎదురైన ఇబ్బంది అతనికి ఎదురుకాకుండా, కొనేముందు పాములో ఏమి చూడాలో, అమ్మేవారిని ఏమి అడగాలో పెద్దలు వివరంగా చెప్పగలరు.


సమాధానం – ఒంగోలు సభ్యుడు

నమస్కారమండీ. మీరు రాసినదంతా చదివాక నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి రెండు విషయాలు: ఎప్పుడూ ఆన్‌లో ఉండే హీట్ మ్యాట్, నీళ్ళ గిన్నెలోనే ఉండిపోతున్న పాము. ఎర సంగతి తరువాత. ముందు ఆ తొట్టిలో రెండు చివరలా ఎంత వేడి ఉన్నదో కొలవండి.

పాముల పెంపకం గురించి మనం చూసే వీడియోలు, చదివే పుస్తకాలు ఎక్కువభాగం చలి దేశాలవారు తయారుచేసినవి. అక్కడ గదిలో 20 డిగ్రీలు ఉంటాయి కాబట్టి పామును వెచ్చగా ఉంచడమే వారి సమస్య. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో రోహిణి కార్తె వచ్చేసరికి బయట 42, 43 డిగ్రీలు ఉంటుంది, మూసి ఉన్న గదిలో సాయంత్రానికి 36 దాటడం మామూలే. అటువంటి గదిలో థర్మోస్టాట్ (వేడిని హద్దులో ఉంచే పరికరం) లేని హీట్ మ్యాట్‌ను నడిపితే పాముకు చల్లబడటానికి తొట్టిలో జానెడు చోటు కూడా మిగలదు. బాల్ పైతాన్‌కు వెచ్చని చివర 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని చివర 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేని జీవి కాబట్టి, ఈ రెండు చివరల మధ్య తిరుగుతూ అది తన జీర్ణశక్తిని తానే సర్దుకుంటుంది. ఆ వీలు లేని చోట అది తిన్నా అరిగించుకోలేదు, కక్కుతుంది. ఇప్పుడు నీళ్ళలో కూర్చోవడానికి కారణం చాలావరకు ఈ వేడే అయి ఉంటుంది. ఒంటిమీద పేల వంటి పురుగులు పట్టినా పాములు అలాగే నీళ్ళలో మునిగి కూర్చుంటాయి కాబట్టి గిన్నె నీళ్ళలో నల్లటి చుక్కలు ఉన్నాయేమో కూడా చూడండి.

చేయవలసినది చెబుతాను. ఈ వారమే హీట్ మ్యాట్‌ను థర్మోస్టాట్‌కు కలపండి. అది దొరికేదాకా మ్యాట్ స్విచ్ ఆపివేయండి, ఈ కాలంలో దానివల్ల నష్టమేమీ లేదు. తొట్టిని హాలు నుంచి ఇంట్లో ఉత్తరం వైపున ఉన్న, జనసంచారం తక్కువగా ఉండే గదిలోకి మార్చండి. మధ్యాహ్నం కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టండి, ఏసీ ఉంటే 27 దగ్గర పెట్టండి. గాలి నేరుగా తొట్టి మీదికి రాకూడదు, ఏసీ గాలిని ఎండగడుతుంది కాబట్టి తొట్టిలోని తేమను కూడా కనిపెట్టి ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఏమి చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోండి. తడిపి ఉంచిన మట్టిమూకుడు ఒకటి చల్లని చివర బోర్లించి పెడితే దాని కింద రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అదే దానికి గూడుగా కూడా పనికివస్తుంది.

గూడు అన్నమాట వచ్చింది కాబట్టి దీనిని కొంచెం వివరిస్తాను. బాల్ పైతాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని పచ్చికమైదానాల జీవి. ఘనా, టోగో, బెనిన్ దేశాలలో అది పగలంతా చెదపుట్టలలోనో ఎలుకల బొరియలలోనో ఒంటికి గోడ తగిలేంత ఇరుకులో పడుకుంటుంది. అటువంటి జీవిని నాలుగు వైపులా గాజు ఉన్న పెద్ద తొట్టిలో, ఒక ప్లాస్టిక్ మొక్క చాటున ఉంచితే అది ప్రతి క్షణం తనను ఎవరో చూస్తున్నారన్న బెదురులోనే ఉంటుంది, బెదిరిన పాము వేటాడదు. వెచ్చని చివర ఒకటి, చల్లని చివర ఒకటి, చుట్టుకుంటే సరిగ్గా సరిపోయేంత చిన్న గూళ్ళు రెండు పెట్టండి. నన్నడిగితే ఆ గాజు తొట్టి కన్నా గాలి రంధ్రాలు చేసిన, మూత బిగుతుగా పడే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఈ వయసు పిల్లకు ఎంతో మేలు. అడుగున కొబ్బరి పొట్టు పరిచి కొద్దిగా తడి చేస్తే 60 శాతం తేమ సులభంగా నిలుస్తుంది.

ఇక చేతిలోకి తీసుకోవడం పూర్తిగా ఆపివేయండి. నీళ్ళు మార్చడానికి తప్ప వారం రోజులు మూత తీయవద్దు. పిల్లల భయం పోగొట్టడానికి ఇంకా చాలా కాలం ఉన్నది.

ఎర విషయంలో నాకు కనబడిన లోపం మరొకటి. 61 గ్రాముల బాల్ పైతాన్‌కు చిట్టెలుక పింకీ సరైన ఎర కాదు. అది ఒకటి రెండు గ్రాములకు మించి ఉండదు, వేడి త్వరగా పోగొట్టుకుంటుంది, వెంట్రుకల వాసన ఉండదు. బాల్ పైతాన్ పెదవుల పొడవునా ఉన్న గుంటలతో ఎర ఒంటి వేడిని పసిగట్టి వేటాడే పాము కాబట్టి చల్లని పింకీని ఎరగానే గుర్తించకపోవచ్చు. శరీర బరువులో 10 నుంచి 15 శాతం, అంటే ఆరు నుంచి తొమ్మిది గ్రాముల ఎర, పాము ఒంటిలో అన్నిటికన్నా లావైన చోటుకు మించని మందంలో ఉండాలి. వెంట్రుకలు వచ్చి గెంతడం మొదలుపెట్టిన చిట్టెలుక పిల్ల గాని, పెద్ద జాతి ఎలుక పసిపిల్ల గాని ఈ కొలతకు సరిపోతుంది. దానిని ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరిగించి, ఇవ్వడానికి ముందు సంచిలో ఉంచి వేడినీళ్ళలో ముంచి, తల భాగం 38 డిగ్రీలకు వచ్చేటట్టు చూడండి. మైక్రోవేవ్ వాడవద్దు. చీకటిపడ్డాక గదిలో దీపాలు తగ్గించి, పొడవాటి పటకారుతో తోక వైపు పట్టుకొని, గూటి ద్వారం దగ్గర కొద్దిగా కదిలించండి. ముక్కు మీదికి తోయకండి. అందుకోకపోతే అక్కడే వదిలి వెళ్ళవచ్చు గాని, మన ఇళ్ళలో చీమలు గంటలోపే పట్టేస్తాయి, కాబట్టి తెల్లవారేదాకా ఉంచదలిస్తే డబ్బా ఉంచిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టడం అవసరం. ఈ ప్రయత్నానికీ తరువాతి ప్రయత్నానికీ మధ్య కనీసం ఐదారు రోజులు విడవండి. రోజూ చూపిస్తే అది ఎరను చూసి బెదరడం నేర్చుకుంటుంది.

కళ్ళు పాలనీలం రంగులోకి మారి ఒళ్ళు మసకబారి ఉంటే కుబుసం విడవబోతున్నదని అర్థం. ఆ రోజులలో చాలా పాములు తినవు, దానిని పట్టించుకోనవసరం లేదు.


సమాధానం – నెల్లూరు సభ్యుడు

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఒక్కటి చేరుస్తాను. ఎంత చేసినా చచ్చిన ఎరను ముట్టని పిల్లలు కొన్ని ఉంటాయి. అటువంటి దానికి ఒకసారి బతికి ఉన్న చిట్టెలుక పిల్లను ఇస్తే వెంటనే పట్టుకుంటుంది, ఆ తరువాత మెల్లగా చచ్చినదానికి అలవాటు చేయవచ్చు. పొలం ఎలుకల మాటకు వస్తే, వాటిని పట్టడంలో యానాదులకు ఉన్న నేర్పు మన జిల్లాలో అందరికీ తెలిసినదే, కాబట్టి పిల్లలు దొరకడం కష్టం కాదు.


సమాధానం – పశువైద్యుడు, తిరుపతి

నెల్లూరు సభ్యులు చెప్పిన రెండవ మాట ఎంతమాత్రం పాటించవద్దని ముందుగా కోరుతున్నాను. వారి అనుభవాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వరి పొలాలలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ వంటి విషాలు పెడతారు. విషం తిన్న ఎలుకను తిన్న పాముకు కూడా ఆ విషం చేరే ప్రమాదం ఉంటుంది. తల్లి విషం తిన్నదో లేదో పిల్లను చూసి చెప్పలేము. దానికితోడు పొలం ఎలుకలలో పరాన్నజీవులు ఎక్కువ, లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధి వాటి మూత్రం ద్వారా ఎర పెట్టే మనిషికి కూడా సోకుతుంది. ఎర ఎప్పుడూ పంజరంలో పెంచిన ఎలుకలే కావాలి.

బతికి ఉన్న ఎర గురించి వారన్నది కొంతవరకు నిజమే. కళ్ళు తెరవని పిల్ల ఎలుక పాముకు హాని చేయలేదు. పళ్ళు వచ్చిన ఎలుకను మాత్రం ఆకలి లేని పాముతో ఒంటరిగా వదిలితే, తెల్లవారేసరికి పాము వెన్ను మీద ఎముక కనబడేంత గాయాలు ఉంటాయి. అటువంటి పాములకు చికిత్స చేయవలసి వచ్చినప్పుడల్లా, ఇది పూర్తిగా తప్పించదగిన బాధ కదా అని మనసు కష్టపడుతుంది.

పాలు పోయవద్దు. మేనత్తగారి ఆప్యాయతను కాదనకుండానే ఈ మాట వారికి చెప్పవచ్చు: నాగుల చవితినాడు పుట్టలో పాలు పోయడం భక్తికి సంబంధించినది, పాము ఆహారానికి సంబంధించినది కాదు. పాలను అరిగించుకునే ఏర్పాటు పాము పేగులలో లేదు. దాహంతో అలమటించే పాము ఏ ద్రవమైనా తాగుతుంది, ఆ తరువాత విరేచనాలతో ఇంకా నీరసిస్తుంది. దానికి కావలసినవి మంచినీళ్ళే.

ఇక నోరు తెరిచి తినిపించడం. ఇప్పుడే వద్దు. పిల్ల పాము దవడ ఎముకలు పుల్లల్లా సున్నితమైనవి, పళ్ళు విరిగి చిగుళ్ళు పుండుపడతాయి, ఎర శ్వాసనాళంలోకి జారితే ఊపిరితిత్తులు పాడవుతాయి. బెదురు వల్ల తినని పామును బలవంతంగా తినిపిస్తే ఆ బెదురే రెట్టింపు అవుతుంది. పెద్ద బాల్ పైతాన్‌లు నెలల తరబడి తినకుండా ఉండి కూడా బరువు పెద్దగా కోల్పోవు. పిల్లలకు అంత నిల్వ ఉండదు. అందువల్ల నేను రోజులను కాక బరువును లెక్కలోకి తీసుకుంటాను. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికొకసారి, ఒకే వేళకు తూచి రాసుకోండి. మొదటి బరువులో పదోవంతు తగ్గితే వైద్యుడిని కలవాలి. మీ పాము 68 నుంచి 61కి వచ్చింది, అంటే ఆ హద్దును ఇప్పటికే కొద్దిగా దాటింది. కాబట్టి ఒంగోలు సభ్యులు చెప్పిన మార్పులు వెంటనే చేస్తూనే, ఎదురుచూడకుండా పరీక్ష చేయించండి. మీకు తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి గాని, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి గాని అందుబాటులో ఉంటాయి. సరీసృపాలను చూసే వైద్యులు ఏ రోజున ఉంటారో ముందుగా ఫోనులో కనుక్కొని వెళ్ళండి. ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోండి, పామును గుడ్డసంచిలో ఉంచి ఆ సంచిని థర్మోకోల్ పెట్టెలో పెట్టండి, ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషం కూడా వదలవద్దు. తాజా మలం ఉంటే చిన్న డబ్బాలో వెంట తీసుకువెళ్ళండి, పురుగుల పరీక్షకు అది చాలు.

అంతవరకు 28, 30 డిగ్రీల నీళ్ళలో, ఒళ్ళు సగం మునిగేంత లోతులో, రోజు విడిచి రోజు పావుగంట ఉంచవచ్చు. పక్కనే కూర్చొని చూడాలి. మేకలకో కుక్కలకో వాడే నులిపురుగుల మందును అంచనా మీద ఇవ్వవద్దు. ఇంకొక విన్నపం: దోమల బాధ మనకు తెలిసినదే అయినా, పాము ఉన్న గదిలో కాయిల్స్, ప్లగ్‌కు పెట్టే ద్రవాలు, బొద్దింకల స్ప్రేలు వాడకండి. వాటిలోని పైరెత్రాయిడ్ మందులు సరీసృపాల నాడులను దెబ్బతీస్తాయి. కిటికీకి దోమతెర బిగించుకోవడమే మంచిది.


సమాధానం – ఒంగోలు సభ్యుడు

వైద్యులకు కృతజ్ఞతలు. కొనడం గురించిన రెండవ ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. మీ తమ్ముడు తెచ్చిన పిల్ల విషయంలో ఒకటి గమనించండి: అది అమ్మేవారి దగ్గర ఎన్నిసార్లు తిన్నదో, ఏమి తిన్నదో మీ ప్రశ్నలో లేదు. నా దృష్టిలో పిల్ల పామును ఎంచుకోవడంలో రంగు కన్నా, ధర కన్నా, అన్నిటికన్నా ముందు రావలసిన ప్రశ్న అదే. గుడ్డు పగిలిన వారం పది రోజులకు మొదటి కుబుసం విడిచి, ఆ తరువాత కనీసం నాలుగైదుసార్లు తనంతట తాను తిన్న పిల్లనే కొనాలి. ఆ తేదీలు, ఎర రకం, బరువు రాసి ఉన్న చీటీ అడగండి. మంచి పెంపకందారు అడగకముందే ఇస్తాడు. వీలైతే మీ ఎదుట ఒకసారి తినిపించమని అడగండి. అలా చూసిన తరువాత మరో రెండు రోజులు ఆగి తెచ్చుకోవాలి, తిన్న వెంటనే ప్రయాణం చేయిస్తే కక్కుతుంది. ఆ చీటీలో ఉన్న ఎరనే ఇంట్లో మొదట పెట్టాలి.

కార్న్ స్నేక్ పిల్లలు అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో పుట్టిన తొలి నెలల్లో చిన్న బల్లులను, కప్పలను పట్టి తింటాయి. అందువల్ల పెంపకంలో పుట్టిన పిల్లలలో కొన్ని ఎలుకను ఎరగా గుర్తించవు. ఆరు నుంచి పది గ్రాములు తూగే ఈ పిల్లలకు ఒకటి రెండు గ్రాముల పింకీ సరైన కొలత, అంటే మీ బాల్ పైతాన్‌కు చాలనిదే దీనికి సరిపోతుంది. ముట్టకపోతే పింకీని కడిగి వాసన తగ్గించడం, తలకు చిన్న గాటు పెట్టి మెదడు వాసన బయటికి వచ్చేటట్టు చేయడం, చిన్న రంధ్రాల డబ్బాలో పామును, ఎరను కలిపి రాత్రంతా చీకట్లో ఉంచడం అన్నవి పెంపకందారులు వాడే మార్గాలు. గోడ మీది బల్లిని పట్టి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం వద్దు, వాటి ఒంట్లోని పురుగులు పాముకు చేరతాయి. అయినా ఈ కష్టమంతా అమ్మేవాడు పడవలసినది, కొన్నవాడు కాదు.

చేతిలోకి తీసుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిల్ల వేళ్ళను గట్టిగా చుట్టుకుంటుంది, నాలుక తరచూ ఆడిస్తుంది. మెత్తగా వేలాడిపోతే అనుమానించాలి. వెన్నుపూస గట్టులా పైకి కనబడటం, పక్కల చర్మం మడతలు పడటం పస్తులకు, నీటి కొరతకు గుర్తులు. వేలితో తల నుంచి తోక దాకా నిమిరితే వంకరలు గాని గడ్డలు గాని తగలకూడదు. కళ్ళు తేటగా ఉండాలి, కళ్ళమీది పాత పొర ఊడకుండా ఉండిపోయి ఉండకూడదు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, గురక శబ్దం ఉంటే ఊపిరితిత్తుల జబ్బు. చిగుళ్ళ దగ్గర పెరుగు తొరకలా తెల్లటి పదార్థం ఉంటే నోటి పుండు. గడ్డం కింద, కంటి చుట్టూ నల్లని చుక్కలు కదులుతుంటే అవి పేల వంటి పురుగులు. తెల్లటి కాగితం మీద పామును కొద్దిసేపు ఉంచితే అవి స్పష్టంగా కనబడతాయి. మలద్వారం చుట్టూ ఎండిన మరకలు ఉండరాదు, పొట్ట మీద కాలిన మచ్చలు, మానని బొడ్డు ఉండరాదు. వెల్లకిలా తిప్పితే వెంటనే సరిగా తిరగాలి. బాల్ పైతాన్‌లలో స్పైడర్ అనే రంగు రకానికి పుట్టుకతోనే తల వణికే లోపం ఉంటుంది. చూడటానికి ఎంత అందంగా ఉన్నా దానిని కొనవద్దనే నేను గట్టిగా చెబుతాను. అటువంటివి అడిగేవారు ఉన్నంతకాలం పుట్టిస్తూనే ఉంటారు.

పాము ఒక్కదానినే కాదు, అది ఉన్న చోటును కూడా చూడండి. పక్క డబ్బాలలో ఒకటి రెండు జబ్బు పాములున్నా, నీళ్ళ గిన్నెలు జిగటపట్టి ఉన్నా, మనసు దోచిన పిల్ల ఎంత బాగున్నా వెనక్కి వచ్చేయాలి. జాలిపడి జబ్బు పామును కొనడం వల్ల దానికి ఉపకారం జరగడం అరుదు, అమ్మినవాడు ఆ ఖాళీలో మరొక దానిని పెడతాడు.


సమాధానం – గూడూరు సభ్యుడు

కాగితాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బాల్ పైతాన్ సైటిస్ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సైటిస్ జాబితాలోని జీవులు నాలుగవ షెడ్యూలులో చేరాయి. 2024 నాటి నమోదు నిబంధనల ప్రకారం అటువంటి జీవి చేతికి వచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. మీ తమ్ముడు తెచ్చిన కాగితాలలో అమ్మినవారి నమోదు వివరాలు ఉన్నాయేమో, మీ పేర దరఖాస్తు పడిందేమో వెంటనే చూసుకోండి. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు.

ఇది తిండి సమస్యకు సంబంధం లేని విషయం కాదు. బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల సామానులో గుడ్డసంచులలో కుక్కిన బాల్ పైతాన్‌లను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులు పట్టుకున్న సందర్భాలున్నాయి. అలా పట్టుబడకుండా బజారుకు చేరిన పిల్లలు నీరు లేక, బెదిరి, తినడం మానేసిన స్థితిలోనే కొనేవారి చేతికి వస్తాయి. కాగితాలు చూపలేనివారి దగ్గర తక్కువ ధరకు దొరికే పిల్ల అటువంటిదే కావచ్చు.

మన నేల మీది కొండచిలువ పిల్లను గాని, రెండు తలల పాము అనే పేరుతో అమ్మజూపే ఇసుక పామును గాని ఎవరైనా ఇస్తామంటే అటవీశాఖకు తెలియజేయండి. వాటిని పట్టడం, కొనడం, ఇంట్లో ఉంచడం జైలుశిక్ష పడే నేరాలు.


ప్రశ్నించినవారి స్పందన – కావలి సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. తొట్టిలో కొలిస్తే వెచ్చని చివర 39, చల్లని చివర 35 ఉన్నది. వెంటనే మ్యాట్ ఆపి, వెనుక గదిలో చిన్న డబ్బాలోకి మార్చి, రెండు మూకుళ్ళు బోర్లించాము. తిరుపతిలో పరీక్ష చేయించాము. మలంలో పురుగులు కనబడ్డాయి, మందు ఇచ్చారు. నిన్న రాత్రి ఏడు గ్రాముల ఎలుక పిల్లను వేడిచేసి గూటి దగ్గర ఉంచితే పట్టి చుట్టుకొని మింగింది. నమోదు దరఖాస్తు కూడా వేశాము. మళ్ళీ ఎప్పుడు పెట్టాలి? బాబాయిగారి అబ్బాయి కార్న్ స్నేక్‌ను కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంచుతానంటున్నాడు, రెండింటినీ ఒకే గదిలో ఉంచవచ్చునా?


సమాధానం – పశువైద్యుడు, తిరుపతి

చాలా సంతోషం. రెండు రోజులు అసలు తాకకండి. ఏడవ రోజున ఇదే కొలత ఎరను ఇవ్వండి, తినలేదన్న బెంగతో పెద్దది పెట్టవద్దు. ఒకవేళ కక్కితే రెండు వారాలు ఏమీ పెట్టకుండా నీళ్ళు మాత్రం ఉంచి, ఆ తరువాత సగం కొలతతో మొదలుపెట్టండి. రెండవసారి కూడా కక్కితే మళ్ళీ తీసుకురండి, అప్పుడు క్రిప్టోస్పోరిడియం వంటి కంటికి కనబడని పరాన్నజీవులకు పరీక్ష చేయవలసి ఉంటుంది. మందు రెండవ మోతాదు తేదీ తప్పించకండి, ఆ తరువాత మలం మళ్ళీ పరీక్షించాలి.

కొత్త పామును ఒకే గదిలో ఉంచవద్దు. కనీసం మూడు నెలలు వేరే గది, వేరే పటకారు, వేరే నీళ్ళ గిన్నె ఉండాలి. మీ బాల్ పైతాన్‌కు ఇప్పుడు పురుగులున్నాయి కాబట్టి ఈ జాగ్రత్త రెండు వైపులా అవసరం: ముందుగా కార్న్ స్నేక్ పని ముగించి, చేతులు సబ్బుతో కడుక్కొని, ఆ తరువాతే బాల్ పైతాన్ దగ్గరకు వెళ్ళండి. వాటిని ఒకే డబ్బాలో మాత్రం ఎప్పుడూ ఉంచవద్దు. కార్న్ స్నేక్‌కు వెచ్చని చివర 30 డిగ్రీలు దాటకుండా, చల్లని చివర 24, 25 ఉండాలి కాబట్టి ఈ ఎండలు తగ్గి తొలకరి పడేదాకా దానిని తేవడం వాయిదా వేసుకోమనే నా సలహా.